అన్న పాడె

ములకలపల్లి, మంగళవారం రాత్రి

అన్నను సాగనంపి వచ్చినం. నేను పాడె పట్టలే. పట్టనియ్యలేదని రాస్తే అబద్ధమైతది. బొట్టు పెట్టుకొని వచ్చి పట్టుమన్నరు. బాప్తిస్మం తీసుకున్నోడిని, పెట్టుకోనన్న.

"ఒక్క బొట్టుకే అలుగుతడారా మీ ఏసయ్య?" అన్నది అమ్మ. ఏడ్వకుండనే అడిగింది.

ఊరోళ్లు అన్నను ఎత్తుకొని పోతుంటే, చెప్పులు చేతిల పట్టుకొని అందరికంటే ఎనక నడిచిన. వదిన ఒక్కసారి తిరిగి చూసి మొఖం తిప్పుకున్నది.

ఆదివారం పాస్టర్ గారు నన్ను నిలబెట్టి, ఇదీ విశ్వాసమంటే అంటరు. సంఘమంతా చప్పట్లు కొడ్తది. అమ్మ అడిగింది మాత్రం అక్కడ ఎవ్వరూ అడగరు.

సిలువెత్తుకొని నా ఎంట రమ్మన్నడు ప్రభువు. అన్నను ఎత్తుకోకుండ వచ్చిన. మోకాళ్లేసినా ప్రార్థన రాలే. ఏ బరువూ మొయ్యని భుజం గుంజుతాంది.