తలుపు తియ్యని మనవడు

తల్లీ,

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. అడవి కాపలా ఉద్యోగమంటూ ఆ చెక్క గదిలో ఇద్దరు పసివాళ్లతో ఒక్కదానివే ఉంటావని నాకు ఒకటే గుండెదడ. అందుకే పెద్దాడికి, "దొంగలు గొంతు మారుస్తారురా, అమ్మలా పిలిచినా తలుపు తియ్యకు, మా అమ్మ పడుకుందని చెప్పు" అని నూరిపోశాను. కట్టెలకు వెళ్లొచ్చిన నీకే ఆ మాట చెప్పి వానలో నిలబెడతాడనుకోలేదమ్మా. అప్పుడు లోపలేమో పొయ్యి మండుతోందాయె, చంటిది పాకుతోందాయె. కిటికీ పగలగొట్టి దూకావు కాబట్టి సరిపోయింది.

వాణ్ని కొట్టకు, తప్పు నా నోటిది. ఇకనుంచి గడప దాటితే చంటిదాన్ని చంకనేసుకో.

ఆదివారం నేనే వస్తున్నాను. నువ్వు ఇంట్లోనే ఉండు. నేనెంత మొత్తుకున్నా వాడు తియ్యడు.

అమ్మ