గురువారం నోరు విప్పను

1945 జనవరి 4, గురువారం

సాయంత్రం నాలుగు. గ్రంథాలయం వరండాలో మొదటి ప్రసంగం. సభ అంటే సర్కారు అనుమతి కావాలి కనుక ‘ముచ్చట’ అని పేరు పెట్టాం. వినేవారికి ఉచితం, చెప్పేవారికీ ఏమీ ముట్టదు. సాలెవాడ ఆడవాళ్లు ఇరవై ఆరుగురు వచ్చారు.

వక్త యాదగిరి పంతులు. రుద్రమ గణపతిదేవుని భార్య అన్నాడు. కూతురన్నాను. భార్యే అన్నాడు. కూతురే అన్నాను. ఆ తర్వాత పదకొండుసార్లు మాత్రమే అడ్డం పడ్డాను. పైపంచె దులుపుకొని లేచి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక స్వరాజ్యం నిలదీసింది. నా కొడుకు బిడ్డ. పదిహేనేళ్లు. మన ఆడపిల్లల్లో నలుగురి ముందు మాట్లాడతానని ముందుకొచ్చింది అదొక్కతే.

“ఫిబ్రవరి ఒకటిన నేను చెప్పాలె నాయినమ్మా. నడుమ నువ్వు నోరు తెరిస్తే, మళ్ల నలుగుర్ల నేను నోరు తెరువ.”

అన్నంత పనీ చేస్తుంది. నా పోలికే.

తీర్మానం: ఇకపై ప్రతి గురువారం నాలుగు నుంచి అయిదు దాకా మౌనం. ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టనిదాన్ని. మాటలెంత!

జనవరి 10, బుధవారం

సాధన. కోడలు పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. చూస్తూ ఊరుకున్నాను. భోజనాల దగ్గర బిందె నీళ్లు అయిపోయాయి. నిగ్రహం అద్భుతంగా కుదిరింది.

జనవరి 11, గురువారం

బెజ్జంకి నుంచి రాజనర్సు వచ్చి నీతిపద్యాలు చెప్పాడు. బుగ్గన లవంగం పెట్టుకొని కూర్చున్నాను. మొదటి పద్యానికే అర్థం తలకిందులు చేశాడు. లవంగం కొరికాను. దగ్గు వచ్చింది. ఆయన తప్పు చెప్పిన ప్రతిచోటా వచ్చింది. పాపం, చెప్పడం ఆపి తనే నీళ్లు తెచ్చిచ్చాడు.

దగ్గు మాట్లాడటం కిందికి రాదు.

జనవరి 18, గురువారం

యాదగిరి పంతుల్ని బతిమాలి మళ్లీ పిలిపించారు. ముప్పై మంది. కళ్లు నా మీదే పెట్టి, రుద్రమ గణపతిదేవుని భార్య అని మళ్లీ అన్నాడు. ఆగాడు. అందరూ నావైపు తిరిగారు.

నోరు విప్పలేదు. లవంగం కూడా లేదు!

కాసేపు చూసి సగం మంది లేచి ఇళ్లకు పోయారు. చలి కాబోలు.

జనవరి 19, శుక్రవారం

పొద్దున్నే వాకిట్లో, నిన్న ముచ్చటకొచ్చిన కొమురవ్వ మా కోడలికి చరిత్ర చెబుతోంది. రుద్రమ గణపతిదేవుని పెండ్లామే అట. రుజువేమిటంటే, పెద్దమ్మ, అంటే నేను, ఎదురుంగ కూసుండి గూడ కాదనలేదట.

ఇంతకాలం నేను మాట్లాడితే నమ్మినవాళ్లు తక్కువ. ఊరుకుంటే ఊరంతా నమ్మింది.

జనవరి 25, గురువారం

ఏడుగురు. అందరూ కొమురవెల్లి జాతరకు పోయి ఉంటారు. జాతర ఆదివారం, ఈరోజు గురువారం. అయినా ఏదో ఒక కారణం కావాలి కదా.

ఆ ఏడుగురిలో ఒకతి, బుచ్చవ్వ, వేరే కారణం చెప్పింది. “పంతులుకు నీకు లొల్లయితదని వస్తుంటిమి పెద్దమ్మా. నువ్వు గిట్ల బెల్లంకొట్టిన రాయి లెక్క కూసుంటే ఇగ మేమెందుకు?”

రాజనర్సు మళ్లీ పద్యాలు చెప్పాడు. ఆ ఏడుగురూ ఆయన్ని చూడలేదు, నా తల ఎటు ఊగుతుందో చూశారు. ఊగింది. అడ్డంగా. తల ఊపడం కూడా మాట్లాడటం కిందికి రాదు.

ఫిబ్రవరి 1, గురువారం

నలభై మంది. మనవరాలు చెబుతుంటే ఆ ముసలామె ఎంతసేపు ఓర్చుకుంటుందోనని వాడంతా కదిలివచ్చింది.

స్వరాజ్యం లేచింది. కాగితం మీంచి కళ్లెత్తలేదు. గొంతు బాగుంది. రుద్రమ గణపతిదేవుని బిడ్డ అని మొదలుపెట్టింది.

బుచ్చవ్వ చెయ్యెత్తింది. “పెండ్లామన్నడు గద పంతులు? మీ నాయినమ్మ గూడ ఊకున్నది. అబద్ధమైతే ఊకుంటదా?”

పిల్ల ఆగిపోయింది. చేతిలో కాగితం కిందికి జారింది. నోరు విప్పితే దాని మాట అక్కడితో ఆఖరు. విప్పకపోతే నా మౌనమే దానికి ఎదురు సాక్ష్యం.

“బిడ్డె!” అన్నాను. వరండా అదిరింది.

స్వరాజ్యం నావైపు తిరిగింది. “నాయినమ్మా, నువ్వు ఊకో. గామె అడిగింది నన్ను.”

ఊరుకున్నాను. కాగితం తీయకుండానే చెప్పింది. “బుచ్చవ్వా, గణపతిదేవుడు ఆమెను చిన్నప్పటి సంది మొగపిలగాని లెక్క పెంచిండంటరు. కట్టుకున్నదాన్ని ఎవడన్న పొత్తిళ్ల నుంచి పెంచుతడా?”

నలభై మందీ నవ్వారు. అందరికంటే ముందు బుచ్చవ్వ. “గట్ల చెప్పు మరి! ఇగ కానియ్యి బిడ్డా.”

అయిదున్నర దాకా కానిచ్చింది. ఒక్కరూ లేచి పోలేదు. నేనైతే శాసనాలు చదివి సగం మందిని నిద్రపుచ్చేదాన్ని.

దారిలో అడిగాను, ఇక నలుగురిలో నోరు తెరవవా అని. నేను ఊకోమంటే ఊకుంటివి గద, గందుకని ఈసారికి మాఫీ అంది. మళ్లీ అయితే మాత్రం ఉండదట.

ఫిబ్రవరి 7, బుధవారం

రేపు మళ్లీ యాదగిరి పంతులు. గ్రంథాలయం బయట పలక మీద సుద్దతో రాసి పెట్టాడు: ‘రాణి రుద్రమ, ఆమె భర్త గణపతిదేవుడు.’ స్వరాజ్యం మాట విని కూడా!

తీర్మానం కొత్తగా, గట్టిగా: రేపటి నుంచి ప్రతి గురువారం నాలుగు నుంచి అయిదు దాకా మౌనం. దగ్గు లేదు. తల ఊపడం లేదు. స్వరాజ్యం పక్కనే కూర్చుంటుంది, గిల్లడానికి.

సాయంత్రం అటుగా వెళ్లి ‘భర్త’ చెరిపి ‘తండ్రి’ అని రాసి వచ్చాను. సుద్దముక్క మాట్లాడటం కిందికి రాదు. పైగా ఈరోజు బుధవారం.