ఎవరొస్తున్నారో ముందు చెప్పాలి

జూన్ 16, సోమవారం

ఆధార్ అడిగినందుకు ఈరోజు ఒకాయన కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. ఇల్లు చూడనీకొచ్చినమా, పిల్లను చూడనీకొచ్చినమా అని అరిచాడు. పద్మారావు నగర్‌ల ఇన్ని ఆఫీసులున్నయి, మీదొక్కటే గిట్ల అన్నాడు. నిజమే. మిగతా బ్రోకర్లు ఫోన్‌లోనే అడ్రస్ చెప్పేస్తారు. తాళం పక్కింట్లో ఉంది, తీసుకుని చూసుకోండి అంటారు.

మా రాఘవేందర్ సార్ ఒప్పుకోరు. ఐడీ చూడందే పార్టీకి, అంటే కొనేవాళ్ళకు, ఇంటి నంబరు చెప్పకూడదు. ఇంట్లో ఉండేవాళ్ళకు, ఓనరైనా అద్దెకున్నవాళ్ళైనా, ఎవరొస్తున్నారో పేరుతో సహా ముందురోజే చెప్పాలి. వాళ్ళు సరే అంటేనే వెళ్ళాలి. మనం ఇద్దరం ఉండాలి, పార్టీని ఏ గదిలోనూ ఒంటరిగా వదలకూడదు. జనవరిలో నేను చేరిన రోజు ఆయన ఇవన్నీ చెప్తుంటే స్కూలు అసెంబ్లీలో నిలబడ్డట్టే అనిపించింది. ఇన్నేళ్ళు టీచరుగా చేసి, స్కూలు మూతపడి, ఇక్కడికొచ్చి మళ్ళీ రూల్స్.

పార్టీ పోయింది కదా సార్ అన్నాను.

పోతే పోనీ అమ్మా హదస్సా, మనం చూపించేది మన ఇల్లు గాదు, ఇంకొకళ్ళు పండుకునే ఇల్లు అన్నారు.

మాట బాగుంది. కానీ ఈ నెల నా చేతి మీదుగా ఒక్క ఇల్లు కూడా అమ్ముడుపోలేదు.

జూన్ 18, బుధవారం

ప్రేమమణి ఆంటీ ఇల్లు మా ఆఫీసుకు వచ్చింది. నేనే తెచ్చాను. లాలాగూడలో మా చర్చే ఆంటీది కూడా. నర్సుగా రిటైరయ్యారు. మల్కాజ్‌గిరి ఇల్లు అమ్మేసి లాలాగూడలో చెల్లెలి పక్క ఫ్లాట్ కొనుక్కోవాలని ఆమె ఆశ. కింద ఆంటీ ఉంటారు. పై పోర్షన్‌లో నవత అని ఒకామె, రెండో తరగతి చదివే కూతురితో అద్దెకుంటోంది. ఏదో డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుందట.

పైకి వెళ్ళి పరిచయం చేసుకున్నాను. మంచినీళ్ళిచ్చింది. ఇల్లు అమ్ముతున్నారన్న బాధ కంటే చూడ్డానికి ఎవరొస్తారన్న బెంగే ఎక్కువ ఉన్నట్టుంది. ఎవరొచ్చినా నాకు ముందు పేరు చెప్తరా మేడం, పక్కా చెప్తరా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. మా రూలే అది అన్నాను. జెర నమ్మకం కుదిరినట్టు తల ఊపింది. ఫోటోలు తీస్తుంటే పాప వస్తువులన్నీ తనే ఎత్తి లోపల పెట్టింది. యూనిఫాం, బ్యాగ్, గోడ మీది బొమ్మలు, అన్నీ. అంత సర్దక్కర్లేదండీ అన్నాను. వినలేదు. మరీ చాదస్తం అనుకున్నాను.

కిందికి దిగాక తెలిసింది. ఆంటీ నిన్ననే తన ఫోన్‌తో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేశారు. మెసేజ్ కింద నేనిచ్చిన మా ఆఫీసు నంబరు, ఆంటీ నంబరు. అడ్రస్ లేదు, మల్కాజ్‌గిరి, పైన అద్దెకున్నారు అని మాత్రం ఉంది. ఒక ఫోటోలో పాప కింద, ఆంటీ సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది.

నవతకు చూపించాను. ముఖం పాలిపోయింది. తీసేయమనండి మేడం, ఇప్పుడే తీసేయమనండి అంది. ఆంటీ గొణుక్కుంటూనే తీసేశారు. పిల్ల ముద్దుగా ఉందని ఉంచానే, దానికింత గొడవేంటమ్మా అన్నారు.

జూన్ 19, గురువారం

పొద్దుటి నుంచీ వాన. ఎవరూ రాలేదు.

జూన్ 21, శనివారం

పార్టీ దొరికింది! తిరుమల్ అట, ఉప్పల్ వైపు నుంచి ఫోన్ చేశాడు. వాట్సాప్‌లో చూశాడట. ఎంత మర్యాదగా మాట్లాడాడో. మల్కాజ్‌గిరి ఇల్లే కావాలి, వేరేవి చూడం, రేటు గురించి తక్లీఫ్ లేదు అన్నాడు. అమ్మ కోసం కొంటున్నాడట. పైన ఉండేటోళ్ళు ఏ టైముకు ఇంట్ల ఉంటరు మేడం, వాళ్ళకు పరేషాన్ గాకుండ వస్తం అన్నాడు. ఎంత ఆలోచనున్న మనిషి అనుకున్నాను. మంగళవారం అనుకున్నాం.

ఐడీ పంపమంటే ఒక్క క్షణం ఆగాడు. ఇల్లు అమ్మ పేరు మీద, అమ్మది పంపిస్తే నడుస్తదా అన్నాడు. వచ్చేవాళ్ళందరిదీ కావాలి అన్నాను. చూద్దాం అన్నాడు.

ఆంటీకి చెప్పాను. ఫోన్‌లోనే స్తోత్రం అన్నారు.

జూన్ 22, ఆదివారం

ఆంటీ చర్చిలో ఈ బేరం కోసం ప్రార్థన పెట్టించారు. నేను కూడా గట్టిగా ఆమెన్ అన్నాను.

జూన్ 23, సోమవారం, ఉదయం

తిరుమల్ నుంచి ఆధార్ వచ్చింది. అమ్మది ఒక్కటే. పేరు అనసూయమ్మ. నుదుటన పెద్ద బొట్టు, నెమ్మదస్తురాలిలా ఉంది. కొడుకుది రాలేదు. ఇంత పెద్దావిడను తీసుకొస్తున్నవాడిని మళ్ళీ మళ్ళీ అడగడానికి నాకే సిగ్గేసింది.

పైన అద్దెకుండే అమ్మకు పేరు చెప్పినవా అని సార్ అడిగారు. ఆమె డ్యూటీలో ఉంటుంది, సాయంత్రం చెప్తాను అన్నాను. ఇప్పుడే పంపియ్ హదస్సా, ఇప్పుడంటే ఇప్పుడే అన్నారు. రేపు అనసూయమ్మ గారు, వారి అబ్బాయి తిరుమల్ ఇల్లు చూడ్డానికి వస్తున్నారు అని మెసేజ్ పెట్టాను.

అదే రోజు, మధ్యాహ్నం

మెసేజ్ వెళ్ళిన కాసేపటికే నవత ఫోన్. ఏడుస్తోంది. ఇంటిపేరు ఏందీ మేడం అని అడిగింది. చెప్పాను. ఆమె మా అత్తమ్మ అంది.

ఆ ఫోన్ చేసినవాడు తిరుమల్ కాదు. దుర్గేష్. నవత భర్త. కొట్టేవాడట. చివరిసారి చెయ్యి విరగ్గొట్టాడట. పాపను తీసుకుని బయటికి వచ్చేసింది. ఆమె ఉండే చోటికీ పాప స్కూలుకీ అతను రాకూడదని కోర్టు ఆర్డరుంది. ఎక్కడుంటోందో వాళ్ళకు తెలియకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది. ఆ ఫోటో చూశాడు మేడం, పాపను గుర్తుపట్టిండు అంది.

మీ అత్తగారు కూడా అలాంటిదేనా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఆమె మంచిదే మేడం, కానీ ఆమె ముందట నడుస్తది, ఎనుకనే ఆయన ఉంటడు అంది.

సార్‌కి చెప్పాను. ఆయన అదిరిపడలేదు, నన్ను తిట్టనూ లేదు. ఫోన్ తీసుకుని దుర్గేష్‌కి చేశారు. మీ ఐడీ రాలేదు, రేపు విజిట్ లేదు. అంతే. నవత పేరు ఎత్తలేదు. అవతల ఆ మర్యాదంతా ఎటుపోయిందో. ఏందిరా నీ రూల్సు, బ్రోకర్ నా... అన్నది నాకు కూడా వినబడింది. సార్ మెల్లగా ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం చెప్తానన్నాను కదా. ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. ఆ సాయంత్రం మర్చిపోయి ఉంటే? కానీ మర్చిపోలేదు. మెసేజ్ వెళ్ళింది. దేవుడా, వెళ్ళింది.

నవత విషయం ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆంటీకి కూడా. పార్టీ కేన్సిల్ అయిందని మాత్రం చెప్పాను. కారణం చెప్పలేదని ఆంటీకి కోపం వచ్చింది.

జూన్ 24, మంగళవారం, ఉదయం 9

వాళ్ళు నేరుగా ఆంటీకి ఫోన్ చేశారు. ఆంటీ అడ్రస్ ఇచ్చేసింది. పదకొండింటికి రమ్మంది. పై పోర్షన్ రెండో తాళంచెవి ఆమె దగ్గరుంది. మీకు చేతకాకపోతే నేనే చూపించుకుంటాను హదస్సా అని ఫోన్ పెట్టేసింది. వెళ్తున్నాం.

అదే రోజు, సాయంత్రం

అంతా రాయాలి. రాస్తే గాని తేలికపడను.

సార్ బండి వెనక కూర్చుని నవతకు ఫోన్ చేశాను. ఆమె క్లినిక్‌లో ఉంది, పాప స్కూల్లో. ఇద్దరూ ఇంట్లో లేరు, అదొక అదృష్టం. కానీ ఇంట్లోకి వస్తే పాప స్కూలు పేరు తెలిసిపోతుంది, యూనిఫాం హాల్లోనే ఆరేసిన అంది. లోపలికి మాత్రం రానియ్యొద్దు మేడం. కోర్టు ఆర్డరు ఫోటో సార్‌కి పంపింది. తన లాయరుకు చెప్పి, స్కూలుకు వెళ్ళి పాపను తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంది. ఆంటీకి నిజం చెప్పనా అని అడిగాను. చెప్పు అక్కా అంది. అప్పటిదాకా మేడం అనేది.

సార్ దారిలో బండి ఆపి పోలీసులకు, హండ్రెడ్‌కి ఫోన్ చేశారు.

మేం వెళ్ళేసరికి ఆంటీ ఇస్త్రీ చీర కట్టుకుని, తాళంచెవి చేతిలో పట్టుకుని వరండాలో ఉన్నారు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. పక్కన కూర్చుని చెప్పాను. నేను చెప్తుంటే ఆమె తాళంచెవి వంక చూస్తూనే ఉన్నారు. విరిగిన చెయ్యి గురించి చెప్పినప్పుడు, ఏ చెయ్యి అని అడిగారు. ఎడమది అన్నాను. అందుకేనా బిందె కుడిచేత్తోనే మోస్తుంది, నర్సునయ్యుండి అడగలేదే నేను అన్నారు. లేచి గేటుకు లోపలి నుంచి తాళం వేసి, రెండు తాళంచెవులూ జాకెట్లో దోపుకున్నారు.

పదకొండు కాకముందే కారు వచ్చింది. ముందు అనసూయమ్మ దిగింది. ఆధార్‌లో కంటే చిక్కిపోయి ఉంది. వెనక అతను. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, చూస్తే ఏ బ్యాంకు ఉద్యోగో అనుకుంటాం. అదే చూసి నాకు ఎక్కువ భయం వేసింది.

ఆంటీ గేటు తెరవలేదు. అతను నవ్వుతూ, ఏందీ ఆంటీ, రమ్మని చెప్పి గేటు బంద్ చేసిన్రు అన్నాడు. సార్ ముందుకెళ్ళి, మీ ఐడీ చూపియ్యండి సార్, చూపిస్తే మాట్లాడుదాం అన్నారు. కార్‌ల మర్చిపోయిన అన్నాడు. తెచ్చుకోండి, మేం ఆగుతం అన్నారు సార్. కారు రెండడుగుల దూరంలో ఉంది. అతను కదల్లేదు.

అప్పుడు నవ్వు పోయింది. గేటును కాలితో తన్నాడు. అది లోపలున్నదా అని అరిచాడు. నా పిల్ల, నా పెండ్లాం, నువ్వెవడివిరా అన్నాడు. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చారు. ఆంటీ చెయ్యి నా భుజం మీద ఉంది. నన్ను ఆపడానికో, తను నిలబడటానికో తెలియలేదు. సార్ గేటుకు అడ్డంగా నిలబడి, గొంతు పెంచకుండా, ఐడీ లేకుండ లోపలికి పంపం సార్, అదే మా రూల్ అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. నాకు వెనక నుంచి కనబడుతూనే ఉంది.

ఆ గొడవలో అనసూయమ్మ గేటు చివరకు, నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. లోపల గులాబీ రంగు గౌను కనిపిస్తోంది. బిడ్డా, పాప ఎత్తు పెరిగిందా, గిది సరిపోతదా అని గుసగుసగా అడిగింది. కళ్ళల్లో నీళ్ళు.

నేను ఏమీ చెప్పలేదు. పెరిగిందని చెప్పినా ఇక్కడే ఉందని చెప్పినట్టే. ఆమె కవరు గేటు సందులోంచి చాచింది. అడగకుండా తీసుకోలేనమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. కోపం రాలేదు ఆమెకు. నిన్నెందుకు ఇబ్బంది పెట్టాలె బిడ్డా అంది.

పోలీసులు వచ్చారు. ఎస్సై మా సార్ ఫోన్‌లో ఆర్డరు చదివాడు. పేరు చెప్పు అన్నాడు. తిరుమల్ అన్నాడతను. అనసూయమ్మ కవరును గుండెకు హత్తుకుని, ఎటో చూస్తూ, దుర్గేష్, సార్, నా కొడుకే అంది.

తీసుకెళ్ళారు.

ఆంటీ అప్పుడు కూర్చున్నారు, మెట్ల మీద. సార్ మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగారు. నాకు నవ్వొచ్చింది, ఎందుకో ఆపుకోలేకపోయాను. ఆంటీ కూడా నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. నవతకు ఫోన్ చేసి, తీసుకెళ్ళారు అని చెప్పాను. అవతల పెద్ద ఊపిరి వినిపించింది. ఆ వెనకే పాప గొంతు, అమ్మా ఐస్‌క్రీం అన్నవ్ గదా అని.

జూన్ 25, బుధవారం

ఎండ ముఖం మీద పడేదాకా పడుకున్నాను. ఎన్నాళ్ళయిందో ఇలా నిద్రపోయి.

జూన్ 27, శుక్రవారం

ఆర్డరు మీరినందుకు కేసు పెట్టారు. కోర్టు రిమాండ్‌కి పంపింది. నవత లాయరే ఫోన్ చేసి చెప్పాడు.

గౌను సంగతి నవతకు చెప్పాను. ఇప్పుడే వద్దక్కా, అత్తమ్మ ఒక్కతే రాగలిగిన రోజు తీసుకుంట అంది.

ఆంటీ ఇల్లు లిస్టింగ్‌లోంచి తీసేయమన్నారు. మరి మీ లాలాగూడ ఫ్లాట్ సంగతో అన్నాను. నవత ఇంకో చోటు చూసుకున్నాక అమ్ముదాం, నా చెల్లెలు ఎక్కడికీ పోదులే అన్నారు. ఫోటో పెట్టింది నేనే కదమ్మా అన్నారు. నవత మాత్రం పైనుంచి కూర తెచ్చి ఆంటీకి ఇచ్చిందట. ఆ మాట ఆంటీ రెండుసార్లు చెప్పారు.

జూన్ 30, సోమవారం

ఈరోజు ఒకామె ఆధార్ ఎందుకని విసుక్కుంది. లోపల ఉండేవాళ్ళకు మీరెవరో చెప్పాలండీ అన్నాను. ఈసారి నా గొంతులో మొహమాటం లేదు. ఆమె ఆధార్ తీసి ఇస్తూ, సరే మంచిదే, రేపు మా ఇల్లు అమ్మినా గిట్లనే చేస్తరా అంది. అలాగే చేస్తాం అన్నాను.

సార్ వినీ విననట్టు చాయ్ తాగుతున్నారు.

జూలై 12, శనివారం

నవతకు ఇల్లు దొరికింది. సార్, నేను కలిసి చూపించాం. పాప ముందే పరుగెత్తి తన మంచం కిటికీ పక్కనే ఉండాలంది.

ఏ ఏరియానో ఇక్కడ కూడా రాయను.