నాకు రాని టైఫాయిడు

నాన్నగారికి నమస్కారం, నేను కులాసా. లా సీటు దరఖాస్తుకు జతచేయమని మీరు పంపిన డాక్టరు సర్టిఫికెట్ అందింది. నేను మొదటిసారి పరీక్ష తప్పిన నెలంతా టైఫాయిడుతో మంచాన పడ్డానని అందులో ఉంది. ఆ రాత కాంపౌండరు బాబాయిదేనని నా అనుమానం. నా గదిలో ఉండే సీనియర్ చూసి, "మార్కుల జాబితాలో అన్ని పరీక్షలూ రాసినట్టుంది. మంచంతో సహా వెళ్లావేంట్రా?" అన్నాడు. ఇందులో అమ్మ చెయ్యి కూడా ఉందా? సీటు పోయినా సరేనని, "లెక్కల్లో రెండుసార్లు తప్పాను, మూడోసారి గట్టెక్కాను" అని దరఖాస్తులో నేనే రాసి, సర్టిఫికెట్ జతచేయకుండా పంపేశాను. ఆ వాక్యం నాకెంతో నచ్చింది. నా పాత నిఘంటువు పంపండి. చెల్లి చదువుతోందా, దానికీ ముందే జ్వరం రాయించి ఉంచారా? దాచేదేమీ లేదు కనుక కవరు మానేసి కార్డే రాశాను, పోస్టుమాన్ చదివినా ఫరవాలేదు. అమ్మకూ, బాబాయికీ నమస్కారాలు.

మీ అబ్బాయి