గణపయ్యకు బొడ్డు

విజయవాడ,
ఆగస్టు 28, గురువారం.

అమ్మా,

ఇది నువ్వొక్కదానివే చదువుకో, చదివాక చించెయ్. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. నీకు ఫోన్లో సగం వినపడదు, నాన్న స్పీకర్ పెడతాడు, మన వరండాలో కూర్చున్న నలుగురికీ వినపడుతుంది. అందుకే ఆఫీసులో అన్నం తినడం మానేసి రాస్తున్నాను. కంకిపాడు నుంచి రోజూ వచ్చే జీవరత్నం చేతికిస్తాను. కవరు అంటించాను, ఆవిడ విప్పే మనిషి కాదు.

అసలు సంగతి చెబుతాను. మా వదిన వెళ్ళిపోయింది. నిన్న, చవితి పూట, పండగ మధ్యలో, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఇక రాదు. నువ్వు రెండేళ్ళ నుంచీ మొక్కుకుంటున్న మొక్కు తీరింది.

మొగుడితో తెగతెంపులు చేసుకుని ఆవిడ మా ఇంటికొచ్చిన రోజే నువ్వన్నావు, ఆడబిడ్డ అర్ధమొగుడే, జాగ్రత్త అని. నేను వినలేదు. ఉయ్యూరులో టీచరు ఉద్యోగం మానేసి మా పిల్లల్ని చూసుకుంటానంటే ఎగిరి గంతేశాను. సాయంత్రం ఏడింటికి నేను ఇల్లు చేరేసరికి స్నానాలు, హోంవర్కు, అన్నాలు అన్నీ అయిపోయేవి. ఇంకేం కావాలనుకున్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి తెలిసింది, పిల్లలే నా చేతిలోంచి జారిపోయారని. నాని రాత్రి ఉలిక్కిపడి లేస్తే "అత్తా" అంటాడు. బళ్ళో మా అమ్మ అని బొమ్మ గీయమంటే భానుశ్రీ కళ్ళజోడు పెట్టి గీసింది. నాకు కళ్ళజోడు ఉందా అమ్మా? ఆ బొమ్మ టీచరు నాకే చూపించి బాగుంది కదండీ అంది. ఆ రోజు బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. నీక్కూడా చెప్పలేదు.

నిన్న పొద్దున నాలుగింటికే లేచాను. కుడుములు, ఉండ్రాళ్ళు, పులిహోర, పాలతాలికలు, అన్నీ నేనే. మా అత్తగారిది కుర్చీలో కూర్చుని అజమాయిషీ. వంటింట్లో నేను చెమటలు కక్కుతుంటే హాల్లో తిరునాళ్ళే. వదిన టీవీ పైన పాలవెల్లి కడుతోంది. భానుశ్రీ ఒక మొక్కజొన్న పొత్తు, ఒక వెలక్కాయ అందిస్తోంది. నాని కొత్త చొక్కా వేసుకుని, మొహమంతా మట్టి పూసుకుని, పీట ముందు కూర్చుని గణపతిని చేస్తున్నాడు. బజార్లో బొమ్మ కొందామంటే వినలేదు, "అత్త మట్టి తెచ్చింది, నేనే చేస్తా" అన్నాడు. తొండం వంకర, ఒక చెవి పెద్దది, కళ్ళకు గురివింద గింజలు.

పీట పక్కన ఇత్తడి పళ్ళెంలో మామగారి కెంపుటుంగరం ఉంది. ఆయన పోయినప్పటి నుంచీ ప్రతి పండక్కీ అత్తగారు దాన్ని బీరువాలోంచి తీసి, పసుపు రాసి దేవుడి దగ్గర పెడుతుంది. పూజయ్యాక మళ్ళీ లోపల పెట్టి తాళం వేస్తుంది. ఆ ఉంగరం కూతురికే ఇస్తానని ఆయన అన్నాడట. వేసవిలో వదిన ఒకసారి ఆ మాట ఎత్తితే తల్లీకూతుళ్ళకు వారం రోజులు మాటల్లేవు.

నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "అత్తా, బొజ్జ గణపయ్యకి బొడ్డేదీ?" అన్నాడు నాని. వదిన అటు తిరిగే "నువ్వే పెట్టు నాన్నా, నీ ఇష్టం" అంది. వాడు చుట్టూ చూసి, పళ్ళెంలో ఉంగరం తీసి, బొజ్జలోకి వేలితో నొక్కాడు. అది మరీ లోపలికి పోయింది. పైన మట్టి పూసి, గోటితో చిన్న గుంట పెట్టాడు. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు చెబితే మీ అల్లుడు పండగపూట పిల్లాణ్ణి ఉతికేస్తాడు, తర్వాత తీద్దాంలే అనుకున్నాను. ఫోను నీళ్ళలో పడేశాడని పోయిన నెల బెల్టుతో కొట్టలేదూ, వదిన అడ్డం పడితే ఆవిడ మోచేతికీ తగిలింది. ఒట్టు అమ్మా, అప్పటికి నా మనసులో ఇంకేమీ లేదు.

పూజయ్యింది. పిల్లల పుస్తకాలకు పసుపు బొట్లు పెట్టాం. అందరం చేతుల్లో అక్షింతలు పట్టుకుని కూర్చుంటే వదిన కథ చదవడం మొదలుపెట్టింది. ఏటా ఆవిడే చదువుతుంది, గొంతు బాగుంటుంది. మణి పోయి, తీయనివాడి మీద నింద పడే చోటికి వచ్చింది. సరిగ్గా అక్కడ మా అత్తగారు "ఉంగరమేదీ?" అంది.

ఇల్లంతా వెతికారు. పత్రి కింద చూశారు, పీట ఎత్తి చూశారు. అత్తగారు మెల్లగా కూతురి వైపు తిరిగింది. "నోరు తెరిచి అడిగితే ఇచ్చేదాన్ని కదే తులసీ" అంది. వదిన నా వైపు చూసింది. అంతే, ఒక్కసారి చూసింది. అప్పుడు వచ్చిందమ్మా నాకు ఆ ఆలోచన. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు, నా పిల్లలు నాకొస్తారు అని.

నాని "అమ్మా, ఉంగరం..." అని లేచాడు. వాడి నోట్లో ఉండ్రాయి పెట్టి "తిను ముందు" అన్నాను.

"అక్కా, సంచి పట్రా" అన్నాడు మీ అల్లుడు. ఆవిడ తెచ్చింది. ఆయన దాన్ని నేలమీద బోర్లించాడు. నాలుగు చీరలు, మందులు, పిల్లల పాత హోంవర్కు కాగితాలు, ఒక చంటిపిల్లల చొక్కా పడ్డాయి. ఆ చొక్కాకు చీటీ కూడా ఊడదీయలేదు. పుట్టి మూడోరోజు పోయిన ఆవిడ బిడ్డకు కొన్నదట. అది చూసి ఒక్క క్షణం చెప్పేద్దామనుకున్నాను కూడా. కానీ అప్పటికే ఆయన "ఇంకెక్కడ దాచావో నీకే తెలియాలి. వెళ్ళు, ఈ గడప తొక్కకు" అనేశాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరుకున్నాను.

ఆవిడ అన్నం కూడా తినకుండా వెళ్ళింది. "కథ మధ్యలో ఆపకూడదే, చదువు" అంది అత్తగారు. మిగతాది నేనే చదివాను. నిందలు పడకుండా అందరం అక్షింతలు వేసుకున్నాం. తర్వాత నా పిల్లలకు నా చేత్తో పులిహోర కలిపి పెట్టాను. రెండేళ్ళలో మొదటిసారి ఇల్లు నాదనిపించింది. పండగంటే నిన్నటిదే అమ్మా.

ఉంగరం ఇంకా బొజ్జలోనే ఉంది. మూడోరోజు శుక్రవారం పడింది, కదపకూడదట, అందుకని నిమజ్జనం ఆదివారం. నేనే బకెట్లో కలిపి తీస్తాను. కొన్నాళ్ళు ఆగి బీరువా కింద దొరికిందంటాను. నువ్వు మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు ఉండు, పిన్నితో కూడా అనకు. ఇవాళ పొద్దున బెల్టు కనపడలేదని మీ అల్లుడు ఇల్లంతా కెలికాడు, అందుకే ఆఫీసుకు ఆలస్యమైంది. ఉంటాను.

నీ కూతురు,
సింధూరి


విజయవాడ,
సెప్టెంబరు 19.

వదినగారికి,

నమస్కారం. మీరు మా ఫోన్లు తీయడం లేదని ఈ ఉత్తరం. ఉయ్యూరులో మళ్ళీ బళ్ళో చేరారని తెలిసింది, సంతోషం. మీకొక మంచి మాట చెప్పాలి. మామగారి ఉంగరం దొరికింది. నిన్న బీరువా జరిపి ఊడుస్తుంటే దాని కింద ఉంది. ఎలుక లాక్కుపోయినట్టుంది. అత్తగారు చాలా బాధపడింది. మీ తమ్ముడు నోటితో చెప్పే మనిషి కాదు, మీకు తెలియనిదేముంది. మనసులో పెట్టుకోకండి. ఆ ఉంగరం మీకే ఇచ్చేద్దామని ఇంట్లో అనుకుంటున్నాం.

ఇంకో సంగతి. నాని మాట్లాడటం లేదు. మీ మీద బెంగేమో అనుకున్నాను, తగ్గుతుందిలే అనుకున్నాను. నిమజ్జనం రోజు వాడు లేవకముందే గణపతిని బకెట్లో కలిపేశాను. లేచి వచ్చి బకెట్లో మట్టినీళ్ళు చూశాడు, నా చేతుల వంక చూశాడు, ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. కలిపేటప్పుడు పిలవలేదని అలిగాడనుకున్నాను. మూడు వారాలు ఎవరైనా అలుగుతారా? అన్నం పెడితే తింటాడు, బడికెళ్ళమంటే వెళతాడు. పలకడు. బళ్ళో రెండుసార్లు పిలిపించారు. డాక్టరు గొంతూ చెవులూ చూసి ఏమీ లేదన్నాడు. పక్క తడుపుతున్నాడు. నేను దగ్గరికి తీసుకుంటే కదలకుండా నిలబడి నా మొహం వంకే చూస్తాడు. అలా చూస్తే నాకు భయమేస్తోంది వదినా.

సోమవారం నుంచి దసరా సెలవులు కదా. ఒక్క పదిరోజులు రండి. మీరు పిలిస్తే పలుకుతాడు. మీ తమ్ముడు ఏమీ అనరు, ఆ పూచీ నాది. పిల్లాడి మొహం చూసి రండి.

ఇట్లు మీ మరదలు,
సింధూరి


ఉయ్యూరు,
సెప్టెంబరు 24.

సింధూరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎలుక దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఆరో అంతస్తులో, ఆ ఫ్లాట్‌లో, రెండేళ్ళలో నేనొక్క ఎలుకను చూడలేదమ్మాయ్.

నేను పాలవెల్లి కట్టింది టీవీ పైన. టీవీ ఆపి ఉంది. నల్లటి తెరలో నా వెనక హాలంతా కనపడుతోంది. నాని ఉంగరం తీయడం కనపడింది. బొజ్జలో నొక్కడం కనపడింది. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నువ్వు నవ్వడం కూడా కనపడింది. పోనీలే, వాళ్ళమ్మ చూసిందిగా అని నేను ముడి వేసుకుంటూ ఉండిపోయాను.

మరి మా అమ్మ అడిగినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు అంటావేమో. నేను చెబితే పిల్లాడి మీద నెపం పెడుతున్నానని వాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. గణపతిని విప్పి చూస్తే తమ్ముడు వాణ్ణి కొట్టేవాడు. నువ్వు చెబితే ఆ రెండూ జరగవు. పిల్లాడు ఆడుకుంటూ పెట్టాడు, నేను చూస్తూనే ఉన్నాను, తప్పు నాది అని ఒక్క మాట. అందుకే నీ వైపు చూశాను. నువ్వు వాడి నోట్లో ఉండ్రాయి పెట్టావు.

సంచి బోర్లించినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ చొక్కా నేలమీద పడితే అది ఎవరిదో తెలిసి కూడా పెద్దవాళ్ళు ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. భానుశ్రీ వంగి తీసి, మడతపెట్టి నా చేతికిచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. అప్పుడొచ్చింది ఏడుపు.

లిఫ్టు దగ్గర నుంచుంటే నాని పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఒక కాలికే చెప్పు ఉంది. నోట్లో ఉండ్రాయి ఇంకా అలాగే ఉంది, మింగలేదు. అరచేతిలోకి తీసుకుని నాతో అన్నాడు, "అత్తా, అది బొడ్డులో ఉంది. అమ్మ చూసింది. అమ్మ చెబుతుందిలే, నువ్వు ఏడవకు." అవును నాన్నా, అమ్మ చెబుతుంది అన్నాను. లోపల్నుంచి నువ్వు వాణ్ణి కేకేశావు, వెళ్ళిపోయాడు.

వాడికి ఆ మాట ఇచ్చాను కాబట్టి నేనూ నమ్మాను. బెంజ్ సర్కిల్ బస్టాపులో ఒంటిగంట దాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఉయ్యూరు బస్సులు ఎన్ని వెళ్ళాయో లెక్క లేదు. అందరూ చేతుల్లో గణపతులతో, పత్రితో ఆటోలు దిగుతున్నారు. నువ్వు కథ పూర్తిచేసి, అక్షింతలు వేసుకుని, పిల్లలకు అన్నం పెడుతుంటావని నాకు తెలుసు. అన్నం పెట్టాక చేస్తావులే అనుకున్నాను. పెట్టాక కూడా చేయలేదు.

నిమజ్జనం వాడు లేవకముందే ఎందుకు చేశావో నీకు తెలుసు, వాడికీ తెలుసు. ఐదు రోజులు వాడు ఆ బొజ్జ ముందు కూర్చుని ఉంటాడు, ఆదివారం నాడు అమ్మ అందరి ముందూ తీసి చూపిస్తుందని. లేచేసరికి నీ చేతులకు మట్టి ఉంది, నీ నోట్లో మాట లేదు.

నేను రాను. కోపంతో కాదు అని రాయాలని కూర్చున్నాను కానీ అది అబద్ధం. కోపమే. పిల్లలు నావైపు తిరిగారని నీకు కష్టంగా ఉందని నాకు ఎప్పుడో తెలుసు. ఒక్కసారి పిలిచి వదినా నాకు ఇలా ఉంది అంటే నా అంతట నేనే వెళ్ళేదాన్ని, పండగ కూడా చేసుకుని వెళ్ళేదాన్ని. నాన్న ఉంగరం నాకొద్దు, అమ్మనే పెట్టుకోమను.

ఆ ఇంట్లోంచి నేను ఒకటి మాత్రం ఎత్తుకొచ్చాను. సంచి మళ్ళీ సర్దుకునేటప్పుడు తలుపు వెనక మేకుకు తమ్ముడి బెల్టు వేలాడుతోంది. చీరల మధ్య పెట్టుకుని తెచ్చేశాను. నన్ను దొంగ అన్నారు కదా, మీరన్నది అంత వరకు నిజమే. కొత్తది కొనుంటాడు. దాన్నేం చేస్తావో నీ ఇష్టం.

నానిని ఇక డాక్టర్ల దగ్గరికి తిప్పకు. వాడి గొంతుకేమీ కాలేదు. అమ్మ చెబుతుందిలే అని వాడు నాకు మాటిచ్చాడు. నీ మొహం వంకే ఎందుకు చూస్తున్నాడని భయపడుతున్నావు. నువ్వు చెబుతావని చూస్తున్నాడు, సింధూరీ. ఇంకా చూస్తున్నాడు.

రామతులసి