వెనక కిటికీకి దోమల జాలీ

లక్ష్మీ,

నువ్వు మలేరియాతో పోయి రేపటికి ఏడాది. ఇక్కడ దుబాయ్ అవతల కల్బాలో అందరి కిటికీలకూ దోమల జాలీలు బిగించే నేను, మొన్న ఊరికి పోయే మనిషి చేత మన ఇంటికీ ఒక రోల్ పంపాను. ఇవాళ తమ్ముడు ఫోన్‌లో మురిసిపోయాడు.

“అన్నా, రోడ్డు దిక్కు కిటికీలన్నిటికి కొట్టిచ్చిన. దుబాయ్ జాలీ అని ఊరంత ముట్టి ముట్టి సూస్తున్నరు!”

“వెనక కిటికీకో?”

“అటు ఎవలు సూస్తరే? మిగిలిన ముక్క మీద నీ మరదలు వడియాలు ఎండబెట్టింది.”

“దోమలొచ్చేదే ఆ మురికి మోరీ దిక్కు నుంచి కదరా!”

“అది వదిన పండుకునే అర్ర కదన్నా. ఇప్పుడండ్ల ఎవలున్నరు, కుట్టనీకి?”

“ఆ ముక్క దాచు. నేనొచ్చి బిగిస్త.”

వెనక నుంచి మరదలు అరిచింది: “బావా, వడియాలు ఎండినంకనే!”

ఇప్పటికీ నీ కిటికీ వంతు వడియాల తర్వాతే, లక్ష్మీ.