గాజుగొట్టంలో మూడు చుక్కలు

బెల్లంపల్లి నివాసి, బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయిన దుర్గం మైసయ్య అను నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. చూపు మందగించింది గాని జ్ఞాపకం మందగించలేదు. అదే నా బాధ.

1. నా ఇల్లు, బ్యాంకులోని సొమ్ము నా ఏకైక కూతురు బ్లెస్సీకి చెందవలెను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. కరీంనగర్‌లో నర్సు, ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు.

2. నా భార్య కీ.శే. సక్కుబాయి చీరలు బ్లెస్సీకే. ఊదారంగు నేతచీర మాత్రం నా శవపెట్టెలో నాతోపాటు ఉంచవలెను. ముఖం దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ పులిసిన ద్రాక్ష వాసన వస్తుంది. వస్తుందో, నేనే అనుకుంటానో.

3. పింగాణీ జాడీ, గాజుగొట్టం లక్సెట్టిపేటలో ఉన్న నా తమ్ముడు డేవిడ్‌కు చెందవలెను. కారణం రాస్తున్నాను.

ఏటా క్రిస్మస్‌కు మా సంఘానికి ద్రాక్షరసం మా ఇంట్లోనే పులిసేది. సీసాలకు ఎత్తేముందు సక్కుబాయి నోరు పుక్కిలించి, గొట్టాన్ని జాడీ నడిమి దాకా దించి, పైకొనను బొటనవేలితో మూసి ఎత్తేది. పైతేట వద్దు, అడుగు మడ్డి వద్దు. మధ్యాహ్నపు వెలుగులో గొట్టం ఎర్రగా మెరిసేది. మూడు చుక్కలు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేది. ఎక్కడికో పోయి వచ్చినట్టు మెల్లగా తెరిచేది. తీపి మిగిలి ఉంటే లోపల ఇంకా పొంగుతున్నట్టే. “ఇంకా తీపున్నది, జర ఆగుండ్రి” అనేది.

2005లో ఆమె మంచం పట్టింది. రుచి నేను చూశాను. నా నోట్లో తంబాకు ఉంది. గనిలో బీడీ వెలిగించరాదు కనుక అందరిలాగే నాకూ అలవాటైంది. మానేశానని సంఘం ముందు ప్రమాణం చేసి పెద్దనయ్యాను. మొద్దుబారిన నాలుకకు తీపి తెలియలేదు. సీసాలు కడిగి తెచ్చిన డేవిడ్‌ను ఎత్తమన్నాను.

క్రిస్మస్ ఆరాధనలో, ప్రార్థన నడుమ, పదకొండు సీసాలు పేలాయి. అందరూ నావైపు చూశారు. “మా తమ్ముడు సీసాలు సరిగ కడుగలే” అన్నాను. నా బుగ్గలో తంబాకు చూసినవాడు డేవిడ్ ఒక్కడే. వాడు నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

4. పై మూడో అంశాన్ని బ్లెస్సీ ఆరాధనలో అందరూ వినేటట్టు చదవవలెను. చచ్చాక ఒప్పుకోవడం గొప్ప కాదని తెలుసు. రెండుసార్లు డేవిడ్ వీధి దాకా పోయి, సిగ్గుతో తిరిగొచ్చాను. వాటా ఉన్నవాడు సాక్షి కారాదని వకీలు చెప్పాడు, లేకుంటే మొదటి సంతకం వాడినే అడిగేవాణ్ణి.

5. నా తర్వాత మొదటి ఏడాది జాడీని మా ఇంట్లోనే, సక్కుబాయి ఉంచిన మూలనే పెట్టవలెను. ఆపైన తమ్ముడు తీసుకుపోవచ్చు. డేవిడ్ రుచి చూసి సరేననేదాకా ఒక్క సీసా నింపరాదు. ఒక్కసారి చూస్తే తేలదు, ఎనిమిది రోజులకోసారి రావాలి. ఎవరూ తొందరపెట్టవద్దు. వాడు ఎన్నిసార్లు “ఇంక కాలే” అంటే, అన్నిసార్లు మా ఇంటికి వస్తాడు.

బెల్లంపల్లి, 9-11-2024
(సంతకం) దుర్గం మైసయ్య

సాక్షులు:
1. ఓంప్రకాశ్, గనిలో నా జోడీ
2. పద్మలత, పక్కింటి టీచరమ్మ